పాఠశాలకు చార్టరు: తల్లిదండ్రుల సంతకం, ఉపాధ్యాయుల కొలువు

కాలిఫోర్నియా రాష్ట్రంలో మొజావే ఎడారి ప్రాంతాన అడెలాంటో అనే చిన్న పట్టణం ఉన్నది. అక్కడి డెజర్ట్ ట్రెయిల్స్ ప్రాథమిక పాఠశాలలో 600 మందికి పైబడి పిల్లలు చదువుకునేవారు. వారిలో అత్యధికులు లాటినో, నల్లజాతి శ్రామిక కుటుంబాలకు చెందినవారు. పరీక్షా ఫలితాలు ఏళ్ళ తరబడి అధ్వాన్నంగా ఉండటంతో విసిగిపోయిన తల్లిదండ్రులు కొందరు ఒక సంఘంగా ఏర్పడి, దానికి 'పేరెంట్ యూనియన్' అని పేరు పెట్టుకున్నారు. యూనియన్ అనే మాట మన సొత్తేమీ కాదు గనుక ఆ పేరుపై మనకు అభ్యంతరం ఉండనవసరం లేదు. 2012 జనవరిలో వారు తమ పాఠశాలను స్థానిక విద్యా బోర్డు అజమాయిషీ నుంచి తప్పించి 'చార్టరు పాఠశాల'గా మార్చాలని కోరుతూ విజ్ఞాపన దాఖలు చేశారు. సగం మందికి తక్కువ కాకుండా తల్లిదండ్రులు సంతకం చేస్తే అట్టి మార్పును కోరవచ్చునని 2010లో ఆ రాష్ట్రం చట్టం చేసి ఉన్నది.

అటుపిమ్మట జరిగిన తతంగం యూనియన్ నడిపిన ప్రతివారూ తెలుసుకోదగినది. సంతకాలు రెండు వేర్వేరు పత్రాలపై సేకరించారు. ఒకటి బోర్డు క్రిందనే ఉండి సంస్కరణలు కోరేది. రెండవది చార్టరు కోరేది. దాఖలైనది రెండవది. తాము దేనికి సంతకం పెట్టామో తెలియలేదని కొందరు, మనసు మార్చుకున్నామని మరికొందరు, దాదాపు నూరుమంది తమ సంతకాలను వెనక్కు తీసుకోజూచారు. అందుకు చట్టంలో తావు లేదని న్యాయస్థానం తేల్చింది. ఆ సంవత్సరం అక్టోబరులో పాఠశాలను ఏ సంస్థకు అప్పగించాలో నిర్ణయించే ఓటింగు జరిగినప్పుడు విజ్ఞాపనపై సంతకం చేసినవారికి మాత్రమే ఓటు హక్కు ఉండినది. పోలైన ఓట్లు 53. ఆరు వందల మంది పిల్లల బడి భవితవ్యం ఆ 53 ఓట్లతో తేలిపోయింది. ఒకే వీధిలో ఇరుగుపొరుగుగా బ్రతికిన తల్లులు రెండు పక్షాలుగా చీలిపోయారు. సంతకాల సేకరణ వేరు, సర్వసభ్య సమావేశ తీర్మానం వేరు అని మన శాఖా కార్యదర్శులెవరికీ బోధించనక్కరలేదు. ఇంటి గుమ్మంలో నిలబడి ఒక్కొక్కరి చేత పెట్టించిన సంతకంలో చర్చకు చోటుండదు. ఎదుటివాడి వాదం వినే అవకాశమూ ఉండదు.

ఆ ఉద్యమానికి వెన్నుదన్నుగా నిలిచిన పేరెంట్ రెవల్యూషన్ అనే సంస్థకు వాల్టన్, గేట్స్, బ్రాడ్ ఫౌండేషన్ల నిధులు అందాయి. అది గోప్యమేమీ కాదు. అంతమాత్రాన ఆ తల్లిదండ్రులందరూ ధనికుల చేతి కీలుబొమ్మలని కొట్టిపారవేయడం అన్యాయం. తన బిడ్డ అయిదవ తరగతికి వచ్చి కూడా చదవలేకపోతుంటే ఏ తల్లి ఊరుకుంటుంది? కోపం నిజమైనదే. ఆ కోపాన్ని ఎవరు ఏ దారికి మళ్ళించారన్నదే ప్రశ్న.

చార్టరు పాఠశాల అనగా ఏమిటో కొంత వివరించవలసి ఉన్నది. అమెరికాలో ప్రభుత్వ పాఠశాలలు కేంద్ర ప్రభుత్వ నిర్వహణలో లేవు. దేశమంతటా సుమారు 13,000 పాఠశాలా జిల్లాలు ఉన్నవి. సాధారణంగా స్థానికంగా ఎన్నికైన బోర్డు, ఆస్తిపన్ను ఆదాయంతోనూ రాష్ట్ర గ్రాంటుతోనూ వాటిని నడుపుతుంది. చార్టరు పాఠశాల ఆ బోర్డు క్రింద ఉండదు. ప్రభుత్వం గుర్తించిన అధికార సంస్థ ఒకటి, మూడేళ్ళకో అయిదేళ్ళకో ఒక ఒప్పంద పత్రం వ్రాసి ఇస్తుంది. ఆ పత్రమే చార్టరు. తల్లిదండ్రులో, ఉపాధ్యాయులో, ఒక సంస్థో ఆ పత్రం పొంది బడి నడుపుతారు. ఫీజు వసూలు చేయరాదు. సీట్లకు మించి దరఖాస్తులు వస్తే లాటరీ తీయాలి. ఎందరు పిల్లలు చేరితే అంత సొమ్ము ప్రభుత్వ ఖజానా నుంచి వారి వెంట వస్తుంది. అందుకు ప్రతిగా అనేక నిబంధనల నుంచి మినహాయింపు లభిస్తుంది. ఆ మినహాయింపులలో ముఖ్యమైనది, చాలా రాష్ట్రాలలో, ఉపాధ్యాయుల ఉద్యోగ భద్రతకు సంబంధించినది. 2021 నాటికి ఇట్టి పాఠశాలలు దాదాపు 7,800; వాటిలో చదివేవారు 37 లక్షల మంది. వాటిలో యూనియన్ ఒప్పందం ఉన్నవి పదింట ఒకటికి అటూ ఇటూ మాత్రమే.

అయితే ఈ ఊహకు తొలుత దేశవ్యాప్తంగా ప్రాచుర్యం కల్పించినది ఒక యూనియన్ నాయకుడే అన్న సంగతి మన సభ్యులలో చాలామందికి ఆశ్చర్యం కలిగించవచ్చు. అమెరికన్ ఫెడరేషన్ ఆఫ్ టీచర్స్ అధ్యక్షుడు ఆల్బర్ట్ షాంకర్ 1988 మార్చి 31న వాషింగ్టన్‌లోని నేషనల్ ప్రెస్ క్లబ్బులో ప్రసంగిస్తూ, ఉపాధ్యాయుల బృందం ఒకటి తమ జిల్లాలోనే, బోర్డు ఆమోదంతోనూ యూనియన్ ఆమోదంతోనూ కొత్త పద్ధతిలో పాఠశాల నడుపుకునే వీలు ఉండాలని ప్రతిపాదించాడు. పశ్చిమ జర్మనీలోని కొలోన్ నగరంలో ఉపాధ్యాయులు బృందంగా ఏర్పడి ఒకే పిల్లల సమూహానికి అనేక సంవత్సరాలు వరుసగా బోధించే పాఠశాలను అంతకు ముందు సంవత్సరం ఆయన చూచి వచ్చాడు. చార్టరు అనే పేరు మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు రే బడ్ ప్రయోగించినది. షాంకర్ దానిని స్వీకరించాడు. ఆయన ఉద్దేశంలో చార్టరు ఒక ప్రయోగశాల. అక్కడ ఫలించిన పద్ధతి తిరిగి అన్ని ప్రభుత్వ పాఠశాలలకూ చేరాలి.

షాంకర్ ఎట్టివాడో తెలిస్తేగాని ఈ ప్రతిపాదన బరువు తెలియదు. ప్రభుత్వోద్యోగుల సమ్మెలను నిషేధించిన న్యూయార్కు చట్టాన్ని ధిక్కరించి సమ్మెలు నడిపి జైలుకు వెళ్ళిన నాయకుడు ఆయన. 1968 సెప్టెంబరు 19న మన కేంద్ర ప్రభుత్వోద్యోగులు, అందులో తపాలా, రైల్వే సోదరులు, అవసరాల ప్రాతిపదికపై కనీస వేతనం కోరుతూ ఒక్కరోజు సమ్మెకు దిగి అత్యవసర సర్వీసుల ఆర్డినెన్సును ఎదుర్కొన్న సంగతి మనకు చరిత్ర. సరిగ్గా అదే నెలలో న్యూయార్కు నగర ఉపాధ్యాయులు సమ్మెలో ఉన్నారు. ఆ సమ్మె వేతనం కోసం జరిగినది కాదు. అది యూనియన్‌కూ తల్లిదండ్రులకూ మధ్య జరిగిన పోరు.

బ్రూక్లిన్‌లోని ఓషన్ హిల్–బ్రౌన్స్‌విల్ ప్రాంతంలో నల్లజాతి, ప్యోర్టోరికో కుటుంబాల పిల్లలు చదివే బడులపై స్థానికులకు కొంత అధికారం ఇస్తూ నగరం ఒక ప్రయోగం మొదలుపెట్టింది. దశాబ్దాలుగా తమ బిడ్డల చదువు పాడైపోతుంటే చూస్తూ ఊరుకున్న వ్యవస్థపై ఆ తల్లిదండ్రులకు విశ్వాసం నశించి ఉన్నది. స్థానిక బోర్డు 1968 మే నెలలో 19 మంది ఉపాధ్యాయులను, పర్యవేక్షకులను, విచారణ లేకుండా, అక్కడి నుంచి వెళ్ళిపొమ్మని ఉత్తరువు ఇచ్చింది. విచారణ లేకుండా తొలగింపు చెల్లదని యూనియన్ నిలబడింది. ఆ శరదృతువులో మూడు విడతలుగా, మొత్తం 36 పనిదినాలు, పది లక్షల మంది పిల్లల బడులు స్తంభించాయి. యూనియన్ గెలిచింది, స్థానిక బోర్డు అధికారాలు పోయాయి.

ఆ గెలుపు ఖరీదు ఎంత? విచారణ లేని తొలగింపును ఎదిరించడంలో యూనియన్ పక్షాన న్యాయం ఉన్నది. మన సభ్యుడెవరినైనా ఛార్జిషీటు లేకుండా ఇంటికి పంపితే మనమూ పనిముట్లు క్రింద పెడతాము. కానీ ఆ తల్లిదండ్రుల పక్షానా న్యాయం ఉన్నది. ఆ రెండు న్యాయాలనూ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టగల వేదిక ఆనాడు లేకపోయింది. నల్లజాతి తల్లిదండ్రులకూ, అధికసంఖ్యలో యూదులైన ఉపాధ్యాయులకూ నడుమ ఏర్పడిన ఆ గాయం ఒక తరం గడిచినా మానలేదు. ఇరవై ఏళ్ళ తర్వాత షాంకర్ చేసిన ప్రతిపాదనలో ఆ అనుభవపు నీడ ఉన్నదని నా అభిప్రాయం. ఉపాధ్యాయులు తామే ముందుకు వచ్చి బడిని మార్చకపోతే, ఇతరులు వచ్చి ఉపాధ్యాయులను మారుస్తారని ఆయన గ్రహించి ఉండాలి.

1991లో మిన్నెసోటా రాష్ట్రం తొలి చార్టరు చట్టం చేసింది. ఎనిమిది పాఠశాలలకు మించరాదని అందులో పరిమితి పెట్టారు. మరుసటి సంవత్సరం సెయింట్ పాల్ నగరంలో సిటీ అకాడమీ అనే మొదటి చార్టరు బడి తెరుచుకున్నది. చదువు మధ్యలో మానివేసిన యువకులను తిరిగి బడికి రప్పించడం దాని లక్ష్యం. అదే సంవత్సరం కాలిఫోర్నియా చట్టం చేసింది. ఆ తర్వాత రాష్ట్రం వెంట రాష్ట్రం. ఒక్కొక్క చట్టంలో ఒక్కొక్క మెట్టు జారింది: యూనియన్ ఆమోదం అనే షరతు చాలాచోట్ల నిలవలేదు, లాభార్జన కంపెనీలు నిర్వహణ కాంట్రాక్టులు పొందసాగాయి. తన ఊహ ఈ రూపు దాల్చడం చూచి షాంకరే దానిని విమర్శించసాగాడు. ఆయన 1997లో మరణించాడు.

ఇక డబ్బు లెక్కకు వద్దాము. పిల్లవాడు వెళితే వాడి వాటా డబ్బు వాడితో వెళ్ళడం న్యాయమే కదా అని పైకి తోస్తుంది. రైల్వే ఉద్యోగికి ఇందులోని మోసం ఇట్టే తెలుస్తుంది. స్లీపరు బోగీలో 72 బెర్తులు. అందులో ఎనిమిది మంది వేరే బండికి వెళ్ళిపోయారని లోకో పైలెట్ జీతంలో, గార్డు జీతంలో, పట్టాల మరమ్మతులో తొమ్మిదో వంతు తగ్గించగలమా? ఆ ఎనిమిది మందీ ఒకే బోగీ నుంచి గాక, ప్రతి బోగీ నుంచి ఒకరిద్దరుగా దిగిపోతే ఒక్క బోగీ కూడా విప్పలేము. బడిలోనూ అంతే. ప్రతి తరగతి నుంచి ఇద్దరేసి పిల్లలు వెళ్ళిపోతే ఉపాధ్యాయుడు ఉండవలసిందే, పైకప్పు ఉండవలసిందే, బస్సు తిరగవలసిందే. కాలిఫోర్నియాలోని ఓక్లాండ్ నగర పాఠశాలలకు ఈ విధంగా ఏటా 5.7 కోట్ల డాలర్లు నష్టమని ఆర్థికవేత్త గోర్డన్ లాఫర్ 2018లో లెక్క కట్టాడు. ఆ లెక్కను చార్టరు పక్షంవారు అంగీకరించరు. అయితే మరుసటి సంవత్సరం ఫిబ్రవరిలో ఆ నగర ఉపాధ్యాయులు సమ్మెకు దిగినప్పుడు వారి నినాదాలలో బడుల మూసివేత ప్రస్తావన ఉండినది.

తపాలా సోదరులకు మరో ఉదాహరణ చాలు. కొరియర్ కంపెనీ హైదరాబాదులో, విజయవాడలో వీధి వీధికీ తిరుగుతుంది. పాడేరు కొండల్లో గూడెం దాకా నడిచి వెళ్ళేది గ్రామీణ డాక్ సేవక్ మాత్రమే. తేలిక బరువులు ప్రయివేటు తీసుకొని, మోయలేని బరువు ప్రభుత్వానికి వదిలి, ఆపైన తపాలా శాఖ నష్టాల్లో ఉన్నదని ఎత్తిపొడుస్తారు. అమెరికా పార్లమెంటుకు నివేదించే ఆడిటు కార్యాలయం 2012లో ఒక నివేదిక ఇచ్చింది. 2009–10 విద్యా సంవత్సరంలో ప్రభుత్వ పాఠశాలల విద్యార్థులలో వైకల్యం గల పిల్లలు నూటికి 11 మంది కాగా చార్టరు పాఠశాలలలో నూటికి 8 మంది. వారిని ఎవరూ గేటు దగ్గర ఆపకపోవచ్చు. 'మీ బిడ్డకు కావలసిన వసతి మా వద్ద లేదు, పక్క బడిలో ఉన్నది' అని మర్యాదగా చెప్పినా ఫలితం అదే.

చార్టరు పాఠశాలలన్నీ పనికిమాలినవని వ్రాసి చప్పట్లు కొట్టించుకోవడం సులభం. అది సత్యం కాదు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2009లో చూచినప్పుడు గణితంలో నూటికి 17 చార్టరు బడులు పొరుగు ప్రభుత్వ బడుల కంటె మెరుగుగా, 37 వాటికంటె హీనంగా, తక్కినవి సమానంగా ఉన్నవి. 2023లో అదే బృందం ఇచ్చిన నివేదిక ప్రకారం సగటున చార్టరు విద్యార్థులు కొద్దిపాటి ఆధిక్యం సాధించారు. ఇంటర్నెట్ ద్వారా మాత్రమే బోధించే చార్టర్ల ఫలితాలు మాత్రం దారుణం. బోస్టన్ నగరంలో లాటరీలో సీటు వచ్చినవారినీ రానివారినీ పోల్చిన అధ్యయనాలు అక్కడి చార్టరు బడుల పిల్లలు గణనీయంగా ముందున్నారని చూపాయి. ఎక్కువ గంటలు, ప్రత్యేక శిక్షణ, కఠిన క్రమశిక్షణ — కారణాలు ఏవైనా, ఫలితం ఫలితమే. అయినా బోస్టన్ ఉన్న ఆ మసాచుసెట్స్ రాష్ట్రంలోనే 2016 నవంబరులో ఏటా 12 కొత్త చార్టర్లు అదనంగా అనుమతించాలన్న ప్రతిపాదనపై ప్రజాభిప్రాయ సేకరణ జరిపితే నూటికి 62 మంది వద్దన్నారు. 200కు పైగా స్థానిక విద్యా కమిటీలు వ్యతిరేక తీర్మానాలు చేశాయి. మంచి ఫలితాలు ఇచ్చే బడిని ప్రజలు ఎందుకు తిరస్కరించారు? తమ బిడ్డ వదిలి వెళ్ళని బడి ఏమవుతుందోనన్న చింత వారి నిర్ణయంలో ఉన్నది. అది స్వార్థమే కావచ్చు, ఐతే పదిమంది పంచుకున్న స్వార్థం.

మన రిటైర్డు ఆర్.ఎం.ఎస్. మిత్రుడొకరి కుమార్తె అమెరికాలో ఉంటున్నది. వారి ఊళ్ళో తల్లిదండ్రులు చేరి కొత్త చార్టరు బడి పెట్టాలని సమావేశాలు జరుపుతున్నారట. 'సంతకం పెట్టనా, నాన్నా?' అని ఆమె అడిగిందని, ఏమి చెప్పమంటారని ఆయన నన్ను అడిగారు. అంత దూరం నుంచి పెట్టమనీ వద్దనీ చెప్పే అర్హత నాకు లేదు. కానీ సమావేశంలో లేచి అడగవలసినవి ఉన్నవి అన్నాను. కట్టడం ఎవరిది, అద్దె ఎవరికి పోతుంది అని మొదట అడగమన్నాను. ఎందుకంటే బడి బోర్డులో కూర్చున్నవారి బంధువుకే కట్టడం ఉంటే ఆ బడి జాతకం అక్కడే తెలిసిపోతుంది. పాలకమండలిలో తల్లిదండ్రులు ఎందరు, వారిని ఎన్నుకునేది ఎవరు? చెవిటి బిడ్డ లాటరీలో గెలిస్తే ఏ టీచరు ఉన్నది? ఉపాధ్యాయులకు సంఘం పెట్టుకునే హక్కును యాజమాన్యం ముందే గుర్తిస్తుందా? అన్నిటికంటె పెద్ద ప్రశ్న, విద్యా సంవత్సరం నడుమ బడి మూతపడితే పిల్లలు ఎక్కడికి వెళ్ళాలి? ఇది ఊహాజనితమైన భయం కాదు. ఒహాయో రాష్ట్రంలో ఎలక్ట్రానిక్ క్లాస్‌రూమ్ ఆఫ్ టుమారో అనే ఇంటర్నెట్ చార్టరు పాఠశాల, లేని హాజరుకు ప్రభుత్వ సొమ్ము తీసుకున్నదని తేలి కోట్లాది డాలర్లు తిరిగి కట్టవలసివచ్చి, 2018 జనవరిలో, సంవత్సరం మధ్యలో మూతపడినప్పుడు సుమారు 12,000 మంది పిల్లలు వేరే బడులు వెతుక్కున్నారు. వారిని చేర్చుకోవలసిన విధి ఎవరిది? పక్కనున్న ప్రభుత్వ బడిది.

న్యూ ఆర్లియన్స్ సంగతి చెప్పకుండా ఈ విషయం పూర్తి కాదు. 2005 ఆగస్టు 29న కత్రీనా తుఫాను ఆ నగరాన్ని ముంచివేసింది. నీళ్ళు ఇంకకముందే రాష్ట్ర ప్రభుత్వం నూరుకు పైగా పాఠశాలలను స్వాధీనం చేసుకున్నది. 7,000 మందికి పైగా పాఠశాలా ఉద్యోగులను మొత్తంగా తొలగించారు. ఇల్లూ వాకిలీ కోల్పోయి ఇతర రాష్ట్రాలలో తలదాచుకున్నవారికి తొలగింపు నోటీసు! ఉపాధ్యాయ యూనియన్ ఒప్పందం 2006లో గడువు తీరగా దానిని పునరుద్ధరించలేదు. ఉద్యోగులు కోర్టుకు వెళ్ళారు. క్రింది కోర్టులలో గెలిచారు. 2014లో రాష్ట్ర సుప్రీంకోర్టులో ఓడిపోయారు. తుఫానుకు ముందు నగర ఉపాధ్యాయులలో నూటికి 71 మంది నల్లజాతివారు. పదేళ్ళు తిరగకుండానే వారు ఉపాధ్యాయులలో ఇంచుమించు సగం మందికి తగ్గిపోయారు. నల్లజాతి మధ్యతరగతికి ఆధారమైన కొలువు అది. పరీక్షా మార్కులు పెరిగాయి, ఆ సంగతి దాచనక్కరలేదు. 2019 నాటికి ఆ నగరంలో బోర్డు నేరుగా నడిపే బడి ఒక్కటీ మిగలలేదు. అప్పటికి తల్లిదండ్రులకు 'ఎంపిక' దక్కింది. ఊరి ఆ చివర నుంచి ఈ చివరకు బస్సులో తిరుగుతూ ఎంపిక చేసుకోవచ్చు. తమ వీధి చివర బడిని మాత్రం ఎంపిక చేసుకునే హామీ లేదు. 2024 ఆగస్టులో, ఒక చార్టరు బడి విఫలమై ఒప్పందం పోగొట్టుకోగా, నగర బోర్డు తిరిగి తానే అక్కడ ఒక పాఠశాల తెరచింది.

యూనియన్లు చేతులు ముడుచుకు కూర్చోలేదు. న్యూయార్కు ఉపాధ్యాయ సంఘం 2005లో తానే బ్రూక్లిన్‌లో చార్టరు పాఠశాల నడిపి చూచింది. ఫలితాలు బాగులేక పదేళ్ళకు దాని ప్రాథమిక, మాధ్యమిక విభాగాలను మూసివేసింది. యూనియన్ జెండా ఎగురవేసినంత మాత్రాన లెక్కలు రావు మరి. అంతకంటె ఫలవంతమైనది షికాగో మార్గం. 2018 డిసెంబరులో అక్కడి అసెరో చార్టరు సంస్థకు చెందిన 15 పాఠశాలల ఉపాధ్యాయులు సుమారు 500 మంది సమ్మె చేశారు. చార్టరు సంస్థపై జరిగిన మొట్టమొదటి సమ్మెగా అది నమోదయింది. నాలుగు రోజులలో తరగతి పరిమాణం తగ్గింపు, నగర ప్రభుత్వ ఉపాధ్యాయులతో వేతన సమానత వైపు పెంపుదల సాధించారు. ఆ తర్వాత, 2019 జనవరిలో, లాస్ ఏంజెలెస్ నగర ఉపాధ్యాయులు 30,000 మందికి పైగా ఆరు రోజులు సమ్మె చేసినప్పుడు వేలాది తల్లిదండ్రులు వానలో వారి వెంట నడిచారు. తరగతికి తక్కువ మంది పిల్లలు, ప్రతి బడిలో నర్సు, లైబ్రేరియన్ అన్నవి వారి డిమాండ్లు. యాభై ఏళ్ళ క్రితం బ్రూక్లిన్‌లో విడిపోయిన రెండు పక్షాలు ఇక్కడ ఒకే గొడుగు క్రింద నిలబడ్డాయి. ఆ సంవత్సరం కాలిఫోర్నియా తన చట్టాన్ని సవరించింది. కొత్త చార్టరు వల్ల ఉన్న బడులపై పడే ఆర్థిక భారాన్ని పరిగణించి అనుమతి నిరాకరించే అధికారం స్థానిక బోర్డులకు లభించింది.

మన దేశంలో చార్టరు అనే పేరు లేదు. దానికి దగ్గరి చుట్టం ఎయిడెడ్ పాఠశాల: యాజమాన్యం ప్రయివేటుది, జీతం ప్రభుత్వానిది. తేడా ఒక్కటే, మన ఎయిడెడ్ ఉపాధ్యాయుడికి పోరాడి సాధించుకున్న సర్వీసు రక్షణ ఉన్నది. 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎయిడెడ్ సిబ్బందిని తనలోకి తీసుకొని, సంస్థలను యాజమాన్యాలకే వదిలివేసే పథకం తెచ్చినప్పుడు అనేక పట్టణాలలో తల్లిదండ్రులు రోడ్డెక్కారు. సిబ్బంది పోతే ఫీజు వస్తుందని, లేదా బడి మూతపడుతుందని వారికి అర్థమయింది. ఆ నవంబరులో ప్రభుత్వం యాజమాన్యాలకు తమ సమ్మతిని వెనక్కు తీసుకునే వీలు కల్పించవలసివచ్చింది.

మన ఇంటి సంగతి ఇంకా ఉన్నది. లాలాగూడ, కాజీపేట, విజయవాడ, గుంతకల్లు కాలనీలలో రైల్వే పాఠశాలలు తరాలను చదివించాయి. పాఠశాలలు నడపడం రైల్వేల అసలు పని కాదని, ఆ బాధ్యత నుంచి వైదొలగి ఉద్యోగుల పిల్లల చదువుకు ఇతర పాఠశాలల్లో సాయం చేయవచ్చునని 2015లో దేబ్‌రాయ్ కమిటీ సిఫారసు చేసింది. పిల్లవాడి వెంట డబ్బు నడవడం అనే అమెరికా సూత్రమే ఇది. మరి మనకు అందే పిల్లల విద్యా భత్యం, 2024 జనవరి నుంచి నెలకు రూ. 2,812.50, అదీ పిల్లవాడి వెంట నడిచే డబ్బే. దానిని మనం పోరాడి తెచ్చుకున్నాము, వదులుకోమని నేను చెప్పడం లేదు. కానీ ఆ భత్యంతో బిడ్డను కార్పొరేట్ బడికి పంపిన ఉద్యోగే, కాలనీ బడిలో సంఖ్య తగ్గిందని మూసివేస్తామన్నప్పుడు గేటు మీటింగులో ముందు వరుసలో నిలబడతాడు. ఖాళీ అయిన ఉపాధ్యాయ పోస్టు నింపరు, తాత్కాలికంగా ఒకరిని పెడతారు, తల్లిదండ్రులు పిల్లలను మానిపిస్తారు, పిల్లలు లేరు గనుక పోస్టు అక్కరలేదంటారు. పొమ్మనలేక పొగబెట్టడం అంటే ఇదే.

ఇట్టి కాలనీలలో 'బడిని ఏదైనా మంచి ట్రస్టుకు అప్పగిస్తే ఏమి?' అని మన సభ్యులే, ముఖ్యంగా చిన్న పిల్లలున్న యువ ఉద్యోగులు, సమావేశాలలో అడుగుతున్నారు. వారిపై కసురుకోవడం తగదు. వారికి ఇవ్వవలసిన సమాధానం బడిలోనే ఉండాలి. 2009 విద్యా హక్కు చట్టం 21వ సెక్షను ప్రకారం ప్రభుత్వ పాఠశాలలలో యాజమాన్య కమిటీ ఉండాలి. అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు లేక సంరక్షకులు, సగం మంది స్త్రీలు ఉండాలి. అడెలాంటో తల్లులకు లేని వేదిక ఇది. చట్టం మనకు ఇచ్చి పదిహేనేళ్ళు దాటింది. మన శాఖలలో ఎన్ని తమ పరిధిలోని బడి కమిటీ సమావేశాల మినిట్స్ చదివాయి? ఉపాధ్యాయ ఖాళీల జాబితా కమిటీ ముందు పెట్టించినవి ఎన్ని?

జాతీయ కార్యవర్గం పరిశీలనకు నేను ఉంచదలచిన ప్రతిపాదన ఇది. రైల్వే పాఠశాల ఉన్న ప్రతి కాలనీలో మన శాఖ, ఉపాధ్యాయ సంఘంతో కలిసి, తల్లిదండ్రుల సర్వసభ్య సమావేశం ఏడాదికి రెండుసార్లు జరిపించాలి. కాంట్రాక్టు పారిశుధ్య కార్మికుల పిల్లల తల్లిదండ్రులకు, కాలనీ బయటి నుంచి వచ్చే పిల్లల తల్లిదండ్రులకు అందులో సమాన స్థానం ఉండాలి. పోస్టుల భర్తీ, ప్రయోగశాల, మరుగుదొడ్లు అన్న విషయాలను డివిజనల్ స్థాయి సంప్రదింపుల అజెండాలో మొదటి అంశంగా చేర్చాలి. బడిని ఇతరులకు అప్పగించే ప్రతిపాదన ఎవరు తెచ్చినా, అది ఇంటింటి సంతకాలతో గాక, ఉపాధ్యాయుల వాదన విన్న తరువాత రహస్య బ్యాలెట్టుతో తేలాలి. హాజరు పట్టీలో పేరున్న ప్రతి బిడ్డ తరఫున ఒక ఓటు ఉండాలి. ఈ ప్రతిపాదనపై శాఖల అభిప్రాయాలు, తమ పరిధిలోని బడులలో మంజూరైన పోస్టులు, ఖాళీల వివరాలతో సహా, వచ్చే కార్యవర్గ సమావేశానికి ముందుగా కేంద్ర కార్యాలయానికి చేరవలెనని కోరుతున్నాను.